ఆరు మాత్రలు

మోకాలు మార్చే ముందురోజు
డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుని అడిగింది,
"మీకు దేనికి భయం?"
కత్తికి కాదన్నాను.
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలినదాన్ని,
వెస్ట్ వర్జీనియా కొండమలుపుల్లో, రోడ్డు మీద మంచు పేరుకున్న పొద్దుటిపూట,
నలభైమంది పిల్లల్ని నా కుడికాలి కింద పెట్టుకుని.
సీసాకి, అన్నాను.
నారింజరంగు సీసా. తెల్లమూత.

మా తమ్ముడు వర్జిల్‌కి
గనిలో పైరాయి జారి నడుం విరిగింది.
ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆ సీసాలు
పప్పుబెల్లాల్లా పంచేవారు.
మొదట నొప్పికి వేసుకున్నాడు,
తరువాత నొప్పి వస్తుందేమోనని.
ఆ తరువాత ఎందుకో వాడికీ తెలీదు.
అమ్మ కుట్టుమిషను పోయింది.
చర్చిలో వాడు పాడుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి,
ఆ గొంతు పోయింది.
చివరికి పెట్రోలు బంకులో బాత్రూం తలుపు
బయటినుంచి పగలగొట్టాల్సివచ్చింది.
కొత్త తలుపు పెట్టి ఇరవై ఏళ్ళయినా
ఆ గోడకీ దానికీ ఇప్పటికీ రంగు కలవదు.

డాక్టరమ్మ ఇదేదీ రాసుకోలేదు.
పెన్ను జేబులో పెట్టుకుంది.
"తొడ దగ్గర నరాన్ని నిద్రపుచ్చుతాను.
వాపుకొక మాత్ర, మామూలు జ్వరం మాత్రొకటి,
నొప్పి కోసం ఎదురుచూడకుండా
గడియారం చూసి వేసుకోవాలి.
ఐసు పెట్టండి. కరిగితే మళ్ళీ పెట్టండి.
ఇవేవీ చాలని రాత్రి ఒకటి ఉంటుంది,
దానికి ఆరు ఇస్తాను. అరవై కాదు, ఆరు."
సున్నా ఇవ్వండి, అన్నాను.
"సున్నా ఇస్తే మీరు నడవరు,
నడవకపోతే కాలు కర్రలా బిగుసుకుపోతుంది" అంది.

ఇంటికొచ్చాక లొరీనా వచ్చేది కాలు వంచడానికి.
ఒకప్పుడు నా బస్సు వెనకసీటుకి చూయింగ్ గమ్ అంటించిన పిల్ల,
పాత బాకీ తీర్చుకుంటున్నట్టు
ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వంచేది.
ఫ్రీజర్లో బఠాణీ పొట్లాలు అయిపోతే
పక్కింటి ఓడెల్ తెచ్చిచ్చిన జింకమాంసం పొట్లం
మోకాలికి కట్టుకు కూర్చున్నాను.

మూడోరాత్రి నరం నిద్రలేచింది.
ఎముకలో ఎవరో మేకులు పీకి మళ్ళీ కొడుతున్నారు.
పళ్ళు బిగపట్టాను, దిండు కొరికాను,
బొగ్గురైలు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను.
రైలుకి నూటపది పెట్టెలు.
లెక్క అయిపోయింది, నొప్పి కాలేదు.
మూత తీశాను.

అరగంటకి
నొప్పి గదిలోనే ఉంది, కానీ
నా మీదనుంచి లేచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.
ఒళ్ళంతా గోరువెచ్చటి నీళ్ళలా అయింది.
అయ్యో వర్జిల్,
ఇంత హాయిగా ఉంటుందని
నాకెవరూ చెప్పలేదురా.
నిన్ను దొంగా అన్నాను. బుద్ధిలేనివాడా అన్నాను.
పెద్దదాన్ని, ఒక్క రాత్రికే
ఆ మూత ఎటు తిప్పితే వస్తుందో
నా వేళ్ళకు కంఠతా వచ్చేసింది.

పొద్దున్నే నర్సుకి ఫోను చేశాను,
తప్పు ఒప్పుకునేవాళ్ళ గొంతుతో.
"వేసుకున్నారా, మంచిది.
మరి ఇవాళ ఎంత దూరం నడుస్తారు?" అంది.
అంతే. వేరే మాటేమీ లేదు.
వంటింటిదాకా, అన్నాను.

మొత్తం నాలుగు వేసుకున్నాను.
మిగిలిన రెండూ వెంటనే ఇచ్చెయ్యలేదు, అబద్ధమెందుకు.
తొమ్మిదిరోజులు అలమరలో, పంచదార డబ్బా వెనక,
ఉన్నాయో లేవో చూడ్డానికని లేచేదాన్ని.
చూడ్డానికే.
పదోరోజు లొరీనాని కారు తియ్యమన్నాను.

మందుల షాపులో ఇనప్పెట్టె,
ఉత్తరాల డబ్బాలాంటిది. వెయ్యడమే గానీ తియ్యడం కుదరదు.
రెండు మాత్రలు ఎంత చప్పుడు చేస్తాయని!
అయినా చెవి పెట్టి విన్నాను.

వచ్చేదారిలో బంకు దగ్గర ఆపమన్నాను.
చేతికర్ర ఆనించి దిగి,
రంగు కలవని ఆ తలుపుదాకా
పద్నాలుగు అడుగులు వేశాను.
మోకాలు నొప్పి పెట్టింది.
పెట్టనీ అన్నాను.